లంబసింగిలో కురిసేది ఏ మంచు?

మన్యం చలికి, డెల్టా పొగమంచుకు కారణాలు వేరు
ఆకాశం నుంచి హిమం రాలదు.. గడ్డిపైనే గడ్డకడుతుంది
ఘాట్‌రోడ్లలో వేకువ ప్రయాణమే అసలు ప్రమాదం

రాజమహేంద్రవరం: డిసెంబరు రెండో వారం దాటిందంటే చాలు, శనివారం అర్ధరాత్రి గోదావరి జిల్లాల నుంచి బయలుదేరే కార్లు, మోటారు సైకిళ్లు తుని మీదుగా నర్సీపట్నం దారి పడతాయి. గమ్యం లంబసింగి. అక్కడ మంచు కురుస్తోందన్న మాటే ఇంతమందిని కదిలిస్తోంది. తెల్లారేసరికి కొండపైకి చేరాలన్న తొందరలో నిద్ర మానుకొని, దారి కనిపించని పొగమంచులో మలుపులు తిరుగుతూ వెళ్లేవారు వేలల్లో ఉంటారు. వెళ్లినవారిలో కొందరు ఆనందంతో, మరికొందరు ‘మంచు ఏదీ?’ అన్న నిరాశతో తిరిగి వస్తుంటారు. సినిమాల్లో కశ్మీరు కొండలపై కనిపించే తెల్లటి దుప్పటి అక్కడ ఉండదు మరి.

ఈ గందరగోళానికి సగం కారణం మన మాటలోనే ఉంది. ఆకుపై నిలిచిన నీటిబొట్టూ మంచే, దారిని కప్పేసే పొగా మంచే, గడ్డిపై పేరుకున్న తెల్లటి పొడీ మంచే, హిమాలయాల్లో రాలే దూదిపింజా మంచే. సంస్కృతం నుంచి తెచ్చుకొన్న తుషారం, నీహారం, హిమం వంటి పదాలు నిఘంటువుల్లో విడివిడిగా ఉన్నా, వాడుకలో అన్నింటికీ ఒకటే మాట. ‘లంబసింగిలో మంచు పడుతోంది’ అని చింతపల్లి వాసి అన్నప్పుడు అతని మనసులో ఉన్నది ఒకటి, కాకినాడలో విన్నవారు ఊహించుకొన్నది మరొకటి. శాస్త్రం ప్రకారం ఈ నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. వీటిలో మొదటి మూడు మన్యంలో కనిపిస్తాయి. నాలుగోది కనిపించదు.

ఎత్తు ఒక్కటే కారణం కాదు

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని చిన్న గిరిజన గ్రామం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మైదానంలోని నర్సీపట్నం నుంచి ముప్పై కిలోమీటర్లకు అటూఇటూగా ఘాట్‌రోడ్డు ఎక్కితే వస్తుంది. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దీనికి కొర్రబయలు అన్న పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడన్నది ఆ పేరుకు స్థానికులు చెప్పే అర్థం. ‘ఆంధ్రా కశ్మీరు’ అన్నది పర్యాటకులు, పత్రికలు తగిలించిన బిరుదు. రెండింటిలో పాత పేరే వాస్తవానికి దగ్గర. అది చలిని చెబుతుందే తప్ప హిమాన్ని చెప్పదు.

గాలిలో పైకి వెళ్లేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గుతుంది. కాకినాడలో జనవరి రాత్రులు సాధారణంగా 20 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటాయి. ఆ లెక్కన వెయ్యి మీటర్ల ఎత్తులో 13 డిగ్రీలు ఉండాలి. కానీ చింతపల్లిలో తీవ్రమైన చలి రోజుల్లో అయిదారు డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ నమోదవుతుంది. మిగిలిన ఏడెనిమిది డిగ్రీల చలి ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు రాత్రి ఆకాశంలో ఉంది. పగలంతా ఎండకు వేడెక్కిన నేల రాత్రికి ఆ వేడిని పైకి వదిలేస్తుంది. ఆకాశంలో మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు చేరుతుంది. మబ్బు లేకపోతే, గాలిలో తేమ కూడా తక్కువగా ఉంటే వేడి అడ్డు లేకుండా పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్య భారతం, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా వచ్చే పొడి ఉత్తర గాలులు మన్యానికి సరిగ్గా ఇలాంటి ఆకాశాన్నే ఇస్తాయి. పైగా చల్లబడిన గాలి బరువెక్కుతుంది. కొండవాలు వెంట నీటిలాగే కిందికి జారి, చుట్టూ కొండలున్న పల్లపు నేలల్లో చెరువులా నిలిచిపోతుంది. చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు పరిసరాల్లోని లోయలన్నీ రాత్రి వేళ ఇలా చలిగాలి నిండిన చెరువులే. అందుకే ఒక్కోసారి పక్కనున్న కొండ శిఖరం కన్నా లోయలోని ఊరే ఎక్కువ చల్లగా ఉంటుంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిన వారంలో లంబసింగికి వెళ్లినవారికి అనుకున్నంత చలి దొరకకపోవడానికీ ఇదే కారణం. తుపాను మబ్బులు కమ్ముకుంటే రాత్రి ఉష్ణోగ్రత ఇట్టే పెరుగుతుంది. మబ్బులు విడిపోయి ఉత్తర గాలి మొదలైన రెండు మూడు రాత్రుల్లో అది అంతే వేగంగా పడిపోతుంది.

చలి ఉన్నప్పుడు మబ్బు లేదు

హిమపాతానికి రెండూ కావాలి. మబ్బు ఉండాలి, ఆ మబ్బు నుంచి నేల వరకు గాలి గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉండాలి. మన్యంలో ఈ రెండూ కలిసి రావు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే చలి ముదురుతుంది. మబ్బు రాగానే చలి తగ్గుతుంది. ఒకటి వచ్చే వేళకు రెండోది వెళ్లిపోతుందన్నమాట.

మరో సంగతి. మన అక్షాంశాల్లో గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరే మట్టం నేలకు నాలుగున్నర నుంచి అయిదు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. వానాకాలంలో అంతకు మించి ఎదిగే పెద్ద మబ్బుల్లో మంచు స్ఫటికాలు తయారవుతూనే ఉంటాయి. కోనసీమ పొలాలపై పడే వానచినుకుల్లో కొన్ని పైన హిమంగానే పుడతాయి. కిందికి వచ్చేలోగా కరిగి నీరవుతాయి. కరిగేందుకు వ్యవధి లేనంత పెద్ద గడ్డలు మాత్రమే నేలకు చేరతాయి. అవే వడగళ్లు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు పడి నేల తెల్లబారినప్పుడు కశ్మీరు వచ్చిందని ఫొటోలు తిరిగాయి. అది ఎండాకాలం ఆరంభంలో, వేడి నేల మీద, ఉరుముల మబ్బు నుంచి పడినది. చలికి దానితో సంబంధం లేదు.

తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరంగా చెప్పుకొనే అర్మకొండ కూడా సుమారు 1,680 మీటర్లే. అంతకన్నా ఎత్తున, 2,200 మీటర్లకు పైగా ఉన్న ఊటీలో సైతం ఏటా డిసెంబరు, జనవరిలో కనిపించేది గడ్డిపై తెల్లటి తుషారమే. హిమపాతం చూడాలంటే ఉత్తరానికి పోవాలి. మంచుపై జారే స్కీయింగ్ ఆటకు పేరొందిన ఉత్తరాఖండ్‌లోని ఔలీ, కశ్మీరులోని గుల్‌మార్గ్ రెండూ రెండున్నర వేల మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి. పశ్చిమం నుంచి వచ్చే చలికాలపు వాన మబ్బులు అక్కడ హిమం కురిపిస్తాయి. మనకు లేనిదీ, వారికి ఉన్నదీ ఆ చలికాలపు మబ్బే. అక్కడా ఏటా ఒకేలా ఉండదు. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో తగినంత మంచు లేక ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను వాయిదా వేసి మార్చిలో నిర్వహించారు.

గడ్డిపై తెల్లదనం నిజమే

అలాగని లంబసింగిలో తెల్లటి నేలను చూశామన్నవారు అబద్ధం చెబుతున్నారనడానికి వీల్లేదు. ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలని పత్రికలో చదివి, ‘సున్నా కాకుండా గడ్డ ఎలా కట్టింది?’ అని సందేహించేవారు ఉన్నారు. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకం నేల మీద ఉండదు. గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. నిర్మలమైన, గాలి లేని రాత్రి గడ్డిపరక ఆ పెట్టెలోని గాలి కన్నా మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. పెట్టెలో మూడు చూపుతున్న వేళ గడ్డి సున్నాకు దిగువన ఉండవచ్చు. అప్పుడు గాలిలోని ఆవిరి నీరుగా మారకుండానే గడ్డిపై స్ఫటికంలా పేరుకుంటుంది. అప్పటికే పడిన నీటిబొట్లూ గడ్డకడతాయి. గడ్డివాములు, ఇళ్ల పైకప్పులు, రాత్రంతా బయట నిలిపిన కార్ల పైభాగాలు తెల్లబడతాయి. ఎండ తగిలిన అరగంటలో అంతా నీరైపోతుంది.

ఇది ప్రతి రోజూ జరిగేది కాదు. కొన్ని చలికాలాల్లో కొద్ది ఉదయాలు మాత్రమే ఆ దృశ్యం దక్కుతుంది. దట్టమైన పొగమంచు పట్టిన రాత్రి దానికి అవకాశం మరీ తక్కువ. పొగమంచు కూడా దుప్పటిలా నేల వేడిని కొంత ఆపుతుంది కాబట్టి గడ్డి అంతగా చల్లబడదు. తెల్లటి పొగలో నడవాలని కోరుకునేవారికి, తెల్లటి గడ్డి చూడాలని కోరుకునేవారికి ఒకే ఉదయం రెండూ దొరకడం అరుదు.

లెక్కల విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. ఈ ప్రాంతపు చలి లెక్కలకు చాలా ఏళ్లుగా ఆధారం చింతపల్లిలోని ఆచార్య ఎన్‌.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం. అక్కడి అంకెతో పాటు లంబసింగి పేరిట ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా మరో అంకె పత్రికల్లో రావడం పరిపాటి. రెండో అంకె ఎక్కడ కొలిచారో చెప్పని వార్తను అంచనాగానే తీసుకోవడం మేలు. సెల్‌ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత కూడా ఆ ఊళ్లో కొలిచింది కాదు. కంప్యూటరు నమూనాలు వేసిన అంచనా మాత్రమే.

ఏ నెలలో ఏముంటుంది?

జూన్ నుంచి అక్టోబరు వరకు మన్యం కొండలపై తెల్లగా తిరిగేది పొగమంచు కాదు, వాన మబ్బులు. మారేడుమిల్లి అడవులు, జలపాతాలు పచ్చగా ఉండేది ఈ కాలంలోనే. చలి పెద్దగా ఉండదు. వాగులు పొంగే ప్రమాదం మాత్రం ఉంటుంది. అక్టోబరు నెలాఖరు నుంచి వలిసె పూలు కొండవాలుకు పసుపు పూస్తాయి. నవంబరు రెండో పక్షంలో చలి మొదలైనా, తుపాన్ల కాలం కావడంతో నిలకడ ఉండదు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మూడో వారం వరకు, అంటే నెలగంట పట్టినప్పటి నుంచి సంక్రాంతి వెళ్లే దాకా చలి పూర్తి బలంతో ఉంటుంది. ఆ తర్వాత రాత్రులు చల్లగా ఉన్నా మధ్యాహ్నాలు వేడెక్కుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట మన్యంలో కొన్ని రోజులు ఆలస్యంగా నిజమవుతుంది.

పాడేరు సమీపంలోని వంజంగి కొండపై నుంచి చూసేవారికి కనిపించే ‘మేఘ సముద్రం’ చాలా ఉదయాలు లోయలో నిలిచిన పొగమంచే. కింద లోయలో ఉన్నవారికి అదే గుడ్డి పొగ. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా వెళ్లే గుడిసె కొండపైనా ఇదే అనుభవం. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ కొండ రాజమహేంద్రవరం వాసులకు లంబసింగి కన్నా దగ్గర. చివరి దారి జీపులకే అనువైనది. రాత్రి బసకు, ప్రవేశ వేళలకు సంబంధించిన నిబంధనలను వెళ్లేముందు అటవీశాఖ వద్ద తెలుసుకోవాలి. సూర్యోదయానికి ముందు అరగంట, తర్వాత గంటన్నర మాత్రమే ఈ దృశ్యాలకు అనువైన వేళ. తొమ్మిది, పది గంటలకల్లా ఎండ నేలను వేడి చేసి అంతటినీ విడగొడుతుంది.

ఘాట్‌లో గుడ్డి ప్రయాణం

దృశ్యం కోసం వెళ్లే వేళ, ప్రమాదం పొంచి ఉండే వేళ ఒకటే కావడం ఇక్కడి చిక్కు. వేకువన మూడు నుంచి ఏడు గంటల మధ్యే పొగమంచు దట్టంగా ఉంటుంది. రాత్రంతా బండి నడిపిన మనిషికి కునుకు ముంచుకొచ్చేదీ అప్పుడే. వాతావరణ శాఖ లెక్కలో చూపు కిలోమీటరు కన్నా తగ్గితే పొగమంచు, 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. ఘాట్‌లో మలుపుల మధ్య దూరమే చాలాచోట్ల 50 మీటర్లు ఉండదు. మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌లో 2019 అక్టోబరులో, 2025 డిసెంబరులో యాత్రికుల బస్సులు లోయలోకి పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ మలుపులు తెలియని కొత్త డ్రైవరుకు పగటి వేళే కష్టం.

పొగమంచులో దూరపు లైటు వేస్తే ఎక్కువ కనిపిస్తుందనుకోవడం పొరపాటు. నీటి తుంపరలు ఆ వెలుగును తిరిగి డ్రైవరు కళ్లలోకే కొడతాయి. దగ్గరి లైటు, పసుపు రంగు ఫాగ్ లైట్లే పనికొస్తాయి. ముందు వాహనం వెనుక దీపాన్ని పట్టుకొని వెళ్లడం చాలామంది అలవాటు. ముందువాడు దారి తప్పితే వెనుకవాడూ తప్పుతాడు. రోడ్డు అంచున ఉన్న తెల్లగీతను ఆధారం చేసుకోవాలి. ఆగవలసి వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆగాలి. దిగేటప్పుడు రెండో గేరులోనే రావాలి. పదేపదే బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. అన్నింటికన్నా మేలైనది, ముందురోజు సాయంత్రం వెలుతురు ఉండగానే కొండ ఎక్కి అక్కడే బస చేయడం.

మోటారు సైకిల్‌పై వెళ్లేవారికి చలి రెట్టింపు. అయిదారు డిగ్రీల గాలిలో నలభై కిలోమీటర్ల వేగంతో వెళితే శరీరం నుంచి వేడి ఎంతో వేగంగా పోతుంది. చేతివేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టు తప్పుతుంది. చేతి తొడుగులు లేకుండా వెళ్లడం సాహసం కాదు, అవివేకం. గదులలో, గుడారాలలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మరింత ప్రమాదకరం. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లల తల్లిదండ్రులు వేకువన బయటికి రాకుండా ఎండ వచ్చాకే రావాలి.

పర్యాటకులకు ఒక రాత్రి ముచ్చటైన చలి అక్కడి గిరిజనులకు మూడు నెలల జీవితం. సాయంత్రం అయిదు దాటితే నెగళ్లు వెలుగుతాయి. వృద్ధులు వాటిని విడిచి కదలరు. తుషారం పడిన ఉదయం కూరగాయల ఆకులు మాడిపోతాయి. కాఫీ మొక్కలకు ఆ బెడద తక్కువ. వాటిపై సిల్వర్ ఓక్ వంటి నీడచెట్లు ఉండటమే కారణం. మబ్బు చేసే పనిని అక్కడ చెట్ల గొడుగు చేస్తుంది. నేల నుంచి పోయే వేడిని ఆపి మొక్కను కాపాడుతుంది. సీజను నాలుగు వారాంతాల్లో టీ, వెదురు బొంగులో వండిన కోడి మాంసం, స్ట్రాబెర్రీ పండ్లు అమ్ముకొని కొన్ని కుటుంబాలు నాలుగు రాళ్లు సంపాదిస్తున్న మాట నిజం. అదే వారాంతాల్లో పొలాల గట్లపై మిగిలే ప్లాస్టిక్ సీసాలను ఏరుకోవలసిందీ వారే.

డెల్టాలో మరో మంచు

కొండ దిగితే కథ మారుతుంది. కోనసీమ, భీమవరం, రాజమహేంద్రవరం పరిసరాల్లో పొగమంచు ఎక్కువగా పట్టేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. కాలువలు, దాళ్వా చేలు, చేపల చెరువులు, గోదావరి పాయలు గాలికి కావలసినంత తేమను ఇస్తాయి. సంక్రాంతి దాటాక సముద్రం మీది నుంచి తేమగాలి మళ్లీ మొదలవుతుంది. రాత్రి 17, 18 డిగ్రీలకు చల్లబడినా చాలు, ఆ తేమ పొగగా మారుతుంది. ఇక్కడి మంచుకు గడ్డకట్టే చలి అక్కర్లేదు. జాతీయ రహదారిపై వాహనాలు లైట్లు వేసుకొని నెమ్మదిగా కదలడం, మధురపూడి విమానాశ్రయంలో ఉదయపు విమానాలు ఆలస్యం కావడం ఈ రోజుల్లోనే.

రైతుకు దీని ఖర్చు వేరే ఉంది. మామిడి పూత మీద ఉండగా మంచు విడవకపోతే బూడిద తెగులు, తేనెమంచు పురుగు ఉద్ధృతమవుతాయి. చేపలు, రొయ్యల చెరువుల్లో ఎండ ఆలస్యమైన ఉదయాల్లో నీటిలోని ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో పొగమంచు పట్టిన తెల్లవారుజామున ఏరేటర్ల చప్పుడు ఆగదు. దాళ్వా నారుమళ్లు చలికి పసుపుబారి ఎదుగుదల ఆగితే, సాయంత్రం నీరు పెట్టి రాత్రంతా నిలిపి ఉదయం తీసివేసి కొత్త నీరు పెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నీరు పగటి వేడిని దాచుకొని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. లంబసింగి గడ్డి కోల్పోయే వేడిని డెల్టా రైతు మడిలో నీటితో నిలుపుకొంటాడు.

ఈ చలికాలంలో కొండకు బయలుదేరేవారు ముందుగా చూడవలసింది వారాంతపు సెలవు కాదు, బంగాళాఖాతం. అల్పపీడనం ఉందంటే ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు. అది వెళ్లిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తర గాలి వీచిన రెండో మూడో రాత్రి చింతపల్లి అంకె అయిదు దిగువకు వస్తే మరుసటి వేకువన గడ్డి తెల్లబడే అవకాశం ఉంది. ఎండ పడేలోపు, ఏడింటికి ముందు చూడాలి.